కొత్త మినీ పీసీ పాత ఐ3 కంటే ఎందుకు వెనకబడింది: ఖమ్మం డీటీపీ సెంటర్‌లో ఒక కేసు

ఖమ్మంలో పెళ్లి శుభలేఖలు, ఫ్లెక్స్ డిజైన్లు చేసే ఒక డీటీపీ సెంటర్‌కు నేను పదేళ్లకు పైగా కంప్యూటర్ సర్వీసు చేస్తున్నాను. 2025 జులైలో ఆ సెంటర్ యజమాని ఒక మినీ పీసీ (అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్ పెట్టె) కొన్నారు. నెల తిరక్కముందే దాని ప్రాసెసర్ మీద ఆయనకు పూర్తిగా ఆశ పోయింది. తేడా ఎక్కడ వచ్చిందో తేల్చడానికి నేను చేసిన పరీక్షలను, వాటిలో బయటపడిన విషయాలను, చివరికి కుదిరిన ఏర్పాటును ఇక్కడ రాస్తున్నాను. పెట్టె మీది బ్రాండు పేరు రాయడం లేదు. అదే చిప్పుతో, అదే ఆకారంలో ఉన్న పెట్టెలు మార్కెట్‌లో అనేక పేర్లతో దొరుకుతున్నాయి కాబట్టి, ఆ పేరు తెలిసినందువల్ల చదివేవారికి ఒరిగేది కూడా ఏమీ లేదు.

కొనుగోలు జరిగిన తీరు

ఆ సెంటర్‌లో డిజైన్ పనికి వాడే సిస్టమ్ 2014లో నేనే అసెంబుల్ చేసి ఇచ్చినది. ఇంటెల్ కోర్ ఐ3-4130 ప్రాసెసర్, నాలుగేసి జీబీల డీడీఆర్3 ర్యామ్ స్టిక్కులు రెండు, 500 జీబీ హార్డ్ డిస్క్, దాని మీద విండోస్ 10. రెండుసార్లు ఎస్‌ఎంపీఎస్ (లోపలి భాగాలకు కరెంటు అందించే భాగం), ఒకసారి హార్డ్ డిస్క్ మార్చడం తప్పితే అది పెద్దగా ఇబ్బంది పెట్టింది లేదు. శుభలేఖలు, కరపత్రాలు, బిల్లు బుక్కులు ‘అను’ అనే తెలుగు ఫాంట్లతో పేజ్‌మేకర్ 7లో కంపోజ్ అవుతాయి. లోగోలు, విజిటింగ్ కార్డులు కోరల్‌డ్రాలో, ఫ్లెక్సులు ఫోటోషాప్‌లో తయారవుతాయి. 2001లో వచ్చిన పేజ్‌మేకర్‌ను మన డీటీపీ సెంటర్లు ఇప్పటికీ వదలకపోవడానికి పాత ఫైళ్లన్నీ అను ఫాంట్లలో ఉండటం ఒక కారణమైతే, ఆపరేటర్ల వేళ్లకు ఆ కీబోర్డు అలవాటైపోవడం మరో కారణం. ఆ అలవాటు మంచిదా కాదా అన్న చర్చ ఇక్కడ అనవసరం. పేజ్‌మేకర్ అనేది ప్రాసెసర్‌లోని ఒకే కోర్ (లెక్కలు చేసే భాగం) మీద నడిచే పాతకాలపు ప్రోగ్రామ్ అన్న సంగతి మాత్రం గుర్తుంచుకోవాలి.

కొత్తది కొనాలన్న ఆలోచనకు మూలం విండోస్ 10. దానికి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగుస్తుందని తెరమీద పదే పదే కనిపించిన హెచ్చరిక యజమానిని కలవరపెట్టింది. ఐ3-4130 నాలుగో తరం చిప్పు కావడంతో విండోస్ 11కు మైక్రోసాఫ్ట్ ప్రకటించిన ప్రాసెసర్ల జాబితాలో దానికి చోటు లేదు. దీనికి తోడు, ప్రింటర్, కటింగ్ మెషీన్, లామినేషన్ మెషీన్ ఇరుకైన గదిలో ఒకదాని మీద ఒకటి పడేలా ఉన్నాయి. కరెంటు పోయినప్పుడు పాత టవర్‌ను యూపీఎస్ ఎక్కువసేపు మోయలేకపోతోంది. ముహూర్తాలు లేని ఆషాఢంలో కొత్త సిస్టమ్ తెచ్చి సర్దుకుంటే, శ్రావణంలో పెళ్లిళ్ల రద్దీ నాటికి సిద్ధంగా ఉండవచ్చని ఆయన లెక్క. ఆ లెక్కలో తప్పేమీ లేదు.

ఆన్‌లైన్‌లో చూసిన పెట్టె స్క్రీన్‌షాట్‌ను ఆయన ముందుగా నాకు వాట్సాప్‌లో పంపారు. నేను ఆ సమయంలో వేరే ఆఫీసులో సర్వర్ పనిలో ఉన్నాను. 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ, క్వాడ్ కోర్, 2.9 గిగాహెర్ట్జ్ వరకు వేగం, విండోస్ 11 ప్రో, ధర 13,500 రూపాయలు అన్న అక్షరాలు పైపైన చూసి, బాగానే ఉన్నట్టుంది, తీసుకోండి అని సమాధానం పెట్టాను. ప్రాసెసర్ మోడల్ సంఖ్య ఆ స్క్రీన్‌షాట్‌లో లేదు, నేను అడగనూ లేదు. ఈ కేసులో మొదటి తప్పు నాదేనని అందుకే ఒప్పుకుంటున్నాను. తరువాత ఆ ప్రకటనను తెరిచి చూస్తే, పేజీ అడుగున వివరాల పట్టికలో ‘సెలెరాన్ ఎన్5095’ అని స్పష్టంగానే రాసి ఉంది. అంటే అమ్మినవారు అబద్ధం చెప్పలేదు. పెద్ద అక్షరాలు దేనికి వాడాలో, చిన్న అక్షరాలు దేనికి వాడాలో మాత్రం వారికి బాగా తెలుసు.

ఫిర్యాదు

మొదటి మూడు రోజులు యజమాని ఎంతో సంతోషంగా ఉన్నారు. పాత సిస్టమ్ స్విచ్ వేసి టీ తాగి వచ్చేంత సేపు తీసుకునేది, ఇది పదిహేను, ఇరవై సెకన్లలో తెర చూపించింది. బ్రౌజర్ చటుక్కున తెరుచుకుంది, మోత లేదు, టేబుల్ మీద స్థలం మిగిలింది. శ్రావణం మొదలై పని మీద పడ్డాక ఆయన ఫోన్ చేసి చెప్పిన మాట నాకు ఇప్పటికీ గుర్తుంది: “అన్నా, ఇది లేవడం తొందరగనే లేస్తుంది గానీ, లేచినంక పని మాత్రం చేస్తలేదు.”

సాంకేతికంగా ఇంతకంటే కచ్చితమైన వర్ణన నేను కూడా ఇవ్వలేకపోయేవాణ్ని. లేవడం డిస్క్ పని, లేచాక చేయాల్సింది ప్రాసెసర్ పని. తిరిగే పళ్లెంతో నడిచే హార్డ్ డిస్క్ నుంచి కదిలే భాగాలు లేని ఎస్‌ఎస్‌డీకి మారినప్పుడు కనిపించే తేడా ఎంత పెద్దదంటే, ప్రాసెసర్‌లో ఉన్న లోటును అది కొన్నాళ్లపాటు పూర్తిగా కప్పేస్తుంది. దుకాణంలో గానీ, ఇంటికి తెచ్చిన మొదటి రోజున గానీ మనం చేసి చూసే పరీక్షలన్నీ తెరవడం, మూయడం వరకే కాబట్టి, కొన్నవారికి అసలు సంగతి తెలిసేసరికి వస్తువు వాపసు గడువు దాటిపోతుంది. ఇక్కడా అదే జరిగింది. ఆ గడువు ఏడు రోజులే.

నేను వెళ్లేసరికి ఆపరేటర్ ఒక షాపు ప్రారంభోత్సవం ఫ్లెక్స్ చేస్తున్నాడు. పది అడుగుల వెడల్పు, ఆరు అడుగుల ఎత్తు, అంగుళానికి 72 చుక్కల చొప్పున ఆ ఫైలు 8640 చుక్కల వెడల్పు, 5184 చుక్కల ఎత్తు ఉంటుంది. అంటే మొత్తం 4 కోట్ల 47 లక్షల పైచిలుకు చుక్కలు. ముద్రణకు నాలుగు రంగుల్లో ఉంచితే ఒక్క నిండు లేయరే దాదాపు 180 మెగాబైట్లు. నాయకుల ఫోటోలు, దండలు, నీడలు, అక్షరాలకు మెరుపులు కలిసి ఇరవై లేయర్లు ఉండటం మన ఫ్లెక్సుల్లో మామూలే. వెనుక నేపథ్యాన్ని మసకబార్చే ఫిల్టర్ నొక్కి అతను చేతులు కట్టుకుని కూర్చున్నాడు. పాత సిస్టమ్ మీద ఇంత ఆగేది కాదని అన్నాడు. ఆ మాట నిజమో, కొత్తదాని మీద పెట్టుకున్న ఆశ వల్ల అలా అనిపిస్తోందో తేల్చడం నా పని.

పరీక్షలు

కారణం ప్రాసెసరేనని అందరూ అనుకుంటున్నప్పుడు, మిగిలిన అనుమానాలను ఒక్కొక్కటిగా తీసేయకుండా ఆ మాటను ఒప్పుకోకూడదన్నది నా పద్ధతి. మెమరీ చాలక డిస్క్‌ను వాడుకుంటున్నా, వేడెక్కి వేగం తగ్గినా, వెనుక అప్‌డేట్లు నడుస్తున్నా మనకు కనిపించే లక్షణం ఒక్కటే, నెమ్మది.

ముందుగా టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ ట్యాబ్ తెరిచాను. ఇక్కడ ఒక చిన్న పక్కమాట. మన ప్రాంతంలో టవర్ పెట్టె మొత్తాన్ని ‘సీపీయూ’ అనడం అలవాటు. సీపీయూ మార్చాం అంటే పెట్టె మార్చామని అర్థం. అసలు సీపీయూ ఆ పెట్టెలో వేలిగోరంత ముక్క అన్న సంగతి ఈ పేరు వల్లే చాలామంది కొనేవారి దృష్టికి రాదని నాకు గట్టి నమ్మకం. టాస్క్ మేనేజర్ చూపిన వివరాలు ప్రకటనలోని పట్టికతో సరిపోయాయి: సెలెరాన్ ఎన్5095, నాలుగు కోర్లు, నాలుగు థ్రెడ్లు (ఒకేసారి నడిచే పనుల వరుసలు), బేస్ స్పీడ్ 2.0 గిగాహెర్ట్జ్. ఫోటోషాప్ పనిచేస్తున్నప్పుడు మెమరీ పది జీబీ దాటలేదు, డిస్క్ ఖాళీగానే ఉంది. కాబట్టి ఆ రెండింటి మీదా అనుమానం తీరింది.

తరువాత పాత సిస్టమ్‌ను బయటకు తీశాం. దాన్ని ఉన్నది ఉన్నట్టుగా పక్కన పెట్టి పోల్చితే అది హార్డ్ డిస్క్‌కూ ఎస్‌ఎస్‌డీకీ మధ్య పోటీ అవుతుందే తప్ప ప్రాసెసర్ల పోటీ కాదు. అందుకని నా దగ్గరున్న ఒక సాటా ఎస్‌ఎస్‌డీని దానికి తగిలించి, పాత డిస్క్‌ను అలాగే దాని మీదకు క్లోన్ చేశాను. మినీ పీసీలో ఉన్నదీ సాటా రకం ఎస్‌ఎస్‌డీయే కావడంతో పోలిక న్యాయంగా కుదిరింది. ఒకే ఫ్లెక్స్ ఫైలు తీసుకుని, మసకబార్చే ఫిల్టర్ వేసి, కుదింపుతో టిఫ్ ఫైలుగా సేవ్ చేసే పనిని రెండింటి మీదా మూడేసి సార్లు చేయించి, సెల్‌ఫోన్ స్టాప్‌వాచ్‌తో కొలిచాను.

పదకొండేళ్ల పాత టవర్ సగటున 38 సెకన్లలో పని ముగించింది. కొత్త మినీ పీసీ 61 సెకన్లు తీసుకుంది.

కోరల్‌డ్రాలో ఒక బరువైన కార్డు ఫైలును పీడీఎఫ్‌గా మార్చినప్పుడు పాతదానికి 24 సెకన్లు, కొత్తదానికి 35 సెకన్లు పట్టాయి. ప్రాసెసర్ వివరాలు చూపే సీపీయూ-జడ్ ప్రోగ్రామ్‌లోని సింగిల్ థ్రెడ్ (ఒక్క కోర్‌నే వాడే) పరీక్షలో కొత్తదానికి వచ్చిన మార్కులు పాతదానికి వచ్చిన వాటిలో మూడింట రెండు వంతుల దగ్గరే ఉన్నాయి. అన్ని కోర్లనూ వాడే పరీక్షలో మాత్రం మొదటి అరనిమిషం కొత్తదే కాస్త ముందుండి, ఆ తరువాత పాతదానితో సమానమైంది. ఈ ఆఖరు వాక్యంలో రెండు వేర్వేరు విషయాలు దాగి ఉన్నాయి. ఒకటి చిప్పు స్వభావం, రెండోది పెట్టె తయారీలో జరిగిన పొదుపు.

చిప్పు స్వభావం

నాలుగు కోర్లున్న 2021 నాటి చిప్పు, రెండే కోర్లున్న 2013 నాటి చిప్పు చేతిలో ఎలా ఓడిందని యజమాని అడిగారు. సెలెరాన్ అన్న పేరు చాలా ఏళ్లు రెండు వేర్వేరు వంశాలకు వాడుకలో ఉంది. సంఖ్యకు ముందు జీ అక్షరం ఉన్న డెస్క్‌టాప్ సెలెరాన్లు కోర్ కుటుంబం నుంచి తగ్గించి చేసినవి. ఎన్, జే అక్షరాలతో మొదలయ్యేవి తక్కువ కరెంటుతో నడవడం కోసం పుట్టిన ఆటమ్ వంశానివి. ఎన్5095 ఈ రెండో రకం. దాని కోర్ చిన్నది, ఒక్క గడియారపు తిప్పుకు అది చేయగలిగే పని కోర్ కుటుంబపు పెద్ద కోర్ కంటే తక్కువ. పైగా అది ఎంత పరుగెత్తినా 2.9 గిగాహెర్ట్జ్ దాటదు. ఐ3-4130 రోజంతా 3.4 గిగాహెర్ట్జ్ దగ్గరే ఉంటుంది. ఇద్దరు బలమైన కూలీలున్న చోటికి నలుగురు బాలురను పంపినట్టన్నమాట. పనిని నాలుగు ముక్కలు చేసి పంచగలిగితే సమానంగా లాగుతారు. ఒక్కరే ఎత్తాల్సిన బస్తా అయితే మిగిలిన ముగ్గురూ పక్కన నిలబడి చూడాల్సిందే. పేజ్‌మేకర్‌లో పేజీ తిరగడం, టిఫ్ ఫైలు కుదించి సేవ్ కావడం ఈ బస్తా రకం పనులు.

మరో తేడా కూడా ఉంది. ఒకే ఆజ్ఞతో ఎక్కువ సంఖ్యల మీద లెక్క చేయించే ఏవీఎక్స్2 సూచనలు 2013 నాటి ఐ3లో ఉన్నాయి, ఎన్5095లో ఏవీఎక్స్ అసలే లేదు. ఇలాంటి సూచనలను ఉపయోగించుకునేలా రాసిన ప్రోగ్రామ్‌లు అవి లేని చిప్పు మీద పాత, నెమ్మదైన దారిలో వెళతాయి, కొన్నయితే మొరాయిస్తాయి కూడా.

దీన్ని చిప్పు తప్పుగా నేను చూడటం లేదు. నిలకడగా పనిచేసేటప్పుడు ఎన్5095కు తయారీదారు ప్రకటించిన విద్యుత్తు, వేడి లెక్క (టీడీపీ) 15 వాట్లు, ఐ3-4130ది 54 వాట్లు. మూడో వంతు కంటే తక్కువ విద్యుత్తుతో మూడింట రెండు వంతుల ఒంటికోర్ వేగం, సమానమైన ఉమ్మడి వేగం ఇవ్వడం చిన్న విషయం కాదు. బిల్లింగ్, బ్రౌజర్, వీడియో చూడటం, ప్రకటనల తెర నడపడం వంటి పనులకు అది చక్కగా సరిపోతుంది. దాన్ని ఫ్లెక్స్ డిజైన్ టేబుల్ మీద కూర్చోబెట్టింది మేము.

పెట్టె తయారీలోని పొదుపు

అరనిమిషం తరువాత వేగం పడిపోవడం వేరే కథ. వేగం, వేడి కొలిచి చూపే హెచ్‌డబ్ల్యూఇన్ఫో ప్రోగ్రామ్ తెరిచి పది నిమిషాలు అన్ని కోర్లనూ నిండుగా పనిచేయించాను. మొదట 2.8 దగ్గర ఉన్న వేగం కాసేపటికి 2.0కు దిగి అక్కడే ఉండిపోయింది, ఒక్కోసారి 1.9 కూడా చూపించింది. ప్రకటనలో ‘2.9 వరకు’ అన్న మాటలో ‘వరకు’ అన్నదే అసలు మాట. నిరంతరం ఇస్తామని తయారీదారు ఒప్పుకునేది బేస్ స్పీడ్ 2.0 మాత్రమే. ఆ పైది వేడి, విద్యుత్తు అనుమతించినంత సేపే.

ఇక్కడ వేడి 74 డిగ్రీలు దాటలేదు కాబట్టి, దాన్ని ఆపుతున్నది వేడి కాదని తెలుస్తోంది. బయాస్‌లో (విండోస్ కంటే ముందు లేచే బోర్డు సెట్టింగుల్లో) చూస్తే దీర్ఘకాల విద్యుత్ పరిమితిని 10 వాట్ల దగ్గర బిగించి ఉంచారు. 15 వాట్ల చిప్పుకు 10 వాట్లే ఇవ్వడానికి కారణం ఊహించడం కష్టం కాదు: అరచేతిలో పట్టే ప్లాస్టిక్ పెట్టె, నాణెం అంత ఫ్యాన్, సన్నని అల్యూమినియం పలక. దీనికి తోడు 16 జీబీ ర్యామ్ మొత్తం ఒకే స్టిక్కులో ఉంది, రెండో స్లాట్ ఖాళీ. ఆ చిప్పు మెమరీకి రెండు దారులు వాడుకోగలదు. ఒక్క స్టిక్కే ఉంటే ఒక్క దారే తెరుచుకుంటుంది, అంటే సెకనుకు దాదాపు 23 జీబీ. పాత సిస్టమ్‌లో రెండు డీడీఆర్3 స్టిక్కులు కలిసి ఇచ్చే గరిష్ఠం సెకనుకు 25.6 జీబీ. మెమరీ దారిలో కూడా కొత్తది పాతదాన్ని మించలేదన్నమాట.

చేసిన మార్పులు ఇవి. పెట్టెను మానిటర్ వెనుక గోడకు ఆనించి బిగించారు, వేడి గాలి వెళ్లే దారి లేదు. దాన్ని తీసి టేబుల్ మీదికి తెచ్చి, కింద రబ్బరు కాళ్లతో కాస్త ఎత్తు పెట్టాను. చిప్పు మీద ఎండిపోయిన థర్మల్ పేస్టును (చిప్పు వేడిని పలకకు చేర్చే పూతను) తుడిచి కొత్తది రాశాను. బయాస్‌లో పరిమితిని 15 వాట్లకు పెంచితే ఉష్ణోగ్రత పది నిమిషాల్లో 90 దాటి, ఫ్యాన్ ఈల వేయడం మొదలుపెట్టింది. ఖమ్మం మే నెలలో ఎలా ఉంటుందో తెలిసినవాణ్ని కాబట్టి 13 వాట్ల దగ్గర ఆపాను. అక్కడ 82, 83 డిగ్రీల మధ్య నిలకడగా ఉంది. 16 జీబీ స్టిక్కును తీసేసి ఎనిమిదేసి జీబీలవి రెండు పెట్టాను. విండోస్‌లో పవర్ మోడ్‌ను గరిష్ఠ పనితీరుకు మార్చాను. వేగం కోసం మెమరీ ఇంటెగ్రిటీ వంటి భద్రతా ఏర్పాట్లను ఆపేయమని కొందరు మెకానిక్‌లు సలహా ఇస్తారు. రోజూ కస్టమర్ల పెన్‌డ్రైవ్‌లు గుచ్చే సిస్టమ్ మీద ఆ పని చేయడం నాకు ఇష్టం లేదు, చేయలేదు.

ఇంత చేశాక ఫ్లెక్స్ పని 61 సెకన్ల నుంచి 52కు దిగింది. విడదీసి కొలిస్తే ఆ తొమ్మిది సెకన్లూ ఫిల్టర్ భాగంలోనే తగ్గాయి. ఒక్క కోర్ మీద నడిచే టిఫ్ సేవ్ సమయం దాదాపు కదల్లేదు. ఒక్క కోర్ పనిచేసేటప్పుడు ఆ చిప్పు 10 వాట్ల పరిమితిని తాకనే తాకదు, 2.9 దగ్గరే పరుగెడుతుంది. అదే దాని శిఖరం. కాబట్టి తయారీలోని పొదుపు వల్ల పోయిన వేగాన్ని మేము వెనక్కు తెచ్చుకోగలిగాం గానీ, చిప్పులో పుట్టుకతో లేనిదాన్ని తేలేకపోయాం. పాత 38 సెకన్లను అందుకోవడం ఆ పెట్టెలో జరిగే పని కాదు.

టవర్ అయితే ఈ దశలో నేను ప్రాసెసర్ మార్చమని చెప్పేవాణ్ని. ఇలాంటి మినీ పీసీల్లో ప్రాసెసర్‌ను బోర్డుకే శాశ్వతంగా అతికించి ఉంచుతారు. ర్యామ్ మార్చవచ్చు, ఎస్‌ఎస్‌డీ మార్చవచ్చు, ప్రాసెసర్ మారదు. మార్చుకోగలిగిన రెండింటిని పెద్ద అక్షరాల్లో చూసి, మార్చుకోలేని ఒక్కదాన్ని చూడకుండా కొన్నాం.

ప్రత్యామ్నాయం వెతకడం

వినియోగదారుల ఫోరానికి వెళ్దామా అని యజమాని అడిగారు. చెప్పిన మోడలే పెట్టెలో ఉంది కాబట్టి ఫిర్యాదుకు పస లేదని చెప్పాను. ఒక చిప్పు పేరు చెప్పి మరొకటి పెట్టి పంపితే విషయం వేరు. అప్పుడు టాస్క్ మేనేజర్, సీపీయూ-జడ్ తెరల ఫోటోలు, ప్రకటన స్క్రీన్‌షాట్, బిల్లు కలిపి దాచుకుని, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెప్పుకోవచ్చు. అలాంటి కేసులు నా చేతికి రెండు వచ్చాయి, ఇది అలాంటిది కాదు.

ఎన్5095 స్థానంలో ఎన్100 కొని ఉంటే బాగుండేదా అన్నది ఆయన తరువాతి ప్రశ్న. 2023 మొదట్లో వచ్చిన ఎన్100 కూడా అదే వంశానిదే, నాలుగు చిన్న కోర్లే. అయితే ఆ కోర్లు ఒక తరం కొత్తవి. వేగం 3.4 గిగాహెర్ట్జ్ దాకా వెళుతుంది, ఏవీఎక్స్2 ఉంది. ఒక్క కోర్ పనిలో అది మన పాత ఐ3తో దాదాపు సమానంగా నిలుస్తుంది. అది కొని ఉంటే ఇంత నిరాశ ఉండేది కాదు, అలాగని సంబరపడేంత తేడా కూడా ఉండేది కాదు. మెమరీకి దానిలో ఒక్క దారే ఉందన్నది కూడా గుర్తుంచుకోవాలి. పెంటియం, సెలెరాన్ పేర్లను ఇంటెల్ 2023 నుంచి కొత్త ల్యాప్‌టాప్ చిప్పులకు మానేసి, వట్టి ‘ఇంటెల్ ప్రాసెసర్’ అని పిలవడం మొదలుపెట్టింది. అందువల్ల ఇప్పుడు పెట్టె మీది పేరు ఇంకా తక్కువ చెబుతుంది. పేరు చూసి మోసపోయే అవకాశం మరోవైపు నుంచి కూడా ఉంది. కోర్ ఐ3-ఎన్305 అన్న చిప్పు పేరులో ఐ3 ఉన్నా, దానిలో ఉన్నవి ఎనిమిది చిన్న కోర్లే, ఒక్క పెద్ద కోర్ కూడా లేదు. సంఖ్యకు ముందు ఎన్ కనిపిస్తే వంశం ఏదో అక్కడే తెలిసిపోతుంది.

నేను సూచించింది వేరే రకం మినీ పీసీ. డెల్ ఆప్టిప్లెక్స్ మైక్రో, లెనోవో థింక్‌సెంటర్ టైనీ, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్ మినీ వంటివి కార్పొరేట్ ఆఫీసుల్లో కొన్నేళ్లు పనిచేసి, రీఫర్బిష్డ్ (పాతవాటిని బాగుచేసి తిరిగి అమ్మే) మార్కెట్‌కు వస్తాయి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చినాయ్ ట్రేడ్ సెంటర్‌లో వెతికితే ఎనిమిదో తరం కోర్ ఐ5-8500టి ఉన్న పెట్టె ఒకటి 16 జీబీ ర్యామ్, 256 జీబీ ఎన్‌వీఎంఈ (సాటా కంటే వేగమైన రకం) ఎస్‌ఎస్‌డీతో 16,500 రూపాయలకు దొరికింది. చివరి ‘టి’ అక్షరం 35 వాట్ల రకం అని చెబుతుంది. ఆరు పెద్ద కోర్లు, బేస్ 2.1, గరిష్ఠం 3.5 గిగాహెర్ట్జ్. ఎనిమిదో తరం కాబట్టి విండోస్ 11 జాబితాలో ఉంది. ప్రాసెసర్ సాకెట్‌లో కూర్చుని ఉంటుంది కాబట్టి రేపు అవసరమైతే మార్చుకునే వీలు కూడా ఉంది.

పాతది కొనేటప్పుడు చూడాల్సినవి అక్కడే కౌంటర్ మీద చూశాం. బయాస్‌కు పాత కంపెనీ పాస్‌వర్డ్ మిగిలిపోలేదు కదా అన్నది మొదటిది, అది ఉంటే తరువాత తీయడం నరకం. ఎస్‌ఎస్‌డీ ఆరోగ్యం చూశాం. అడాప్టర్ అసలుదేనా, సరిపడా వాట్లు ఉన్నదేనా చూశాం, ఎందుకంటే గుర్తు తెలియని అడాప్టర్ తగిలిస్తే ఈ రకం పెట్టెల్లో కొన్ని ప్రాసెసర్ వేగాన్ని వాటంతట అవే తగ్గించేస్తాయి. ఆపై పావుగంట పాటు నిండుగా పనిచేయించి గడియారం పడిపోవడం లేదని చూశాకే డబ్బు కట్టాం. దుకాణదారు కాస్త విసుక్కున్నాడు, అయినా కుర్చీ వేసి కూర్చోబెట్టాడు.

అదే ఫ్లెక్స్ ఫైలు, అదే పని ఈ పెట్టె మీద 27 సెకన్లలో ముగిసింది. పేజ్‌మేకర్‌లో మాత్రం పాత ఐ3కీ దీనికీ ఆపరేటర్ గుర్తించగలిగినంత తేడా లేదు. ఒక్క కోర్ పనిలో 8500టి పాతదాని కంటే కొద్దిగానే ముందుంటుంది కాబట్టి ఆ సంగతి ముందే చెప్పి ఉంచాను. ఆయన కూడా శుభలేఖల పనిలో వేగం తగ్గకుండా ఉంటే చాలన్నారు.

ప్రస్తుత ఏర్పాటు

వినాయక చవితికి ముందు వారం, ఫ్లెక్సుల రద్దీలో, డిజైన్ టేబుల్ మీద 8500టి పెట్టె పనిచేసింది. ఎన్5095 మినీ పీసీ ముందు కౌంటర్‌కు మారింది. వాట్సాప్‌లో వచ్చే ఫోటోలు దించుకోవడం, జిరాక్స్‌లు, ఆన్‌లైన్ అప్లికేషన్లు నింపడం, బిల్లులు కొట్టడం దాని పని. కరెంటు పోతే పాత యూపీఎస్ మీదే అది చాలాసేపు నడుస్తుంది కాబట్టి, చీకట్లోనూ కౌంటర్ ఆగడం లేదు. పాత టవర్‌లో నేను పరీక్షకు పెట్టిన ఎస్‌ఎస్‌డీని యజమాని డబ్బిచ్చి ఉంచేసుకున్నారు. దానికి ఇంటర్నెట్ తీసేసి, పాత పేజ్‌మేకర్ ఫైళ్ల కోసం, రద్దీలో రెండో ఆపరేటర్ కోసం మూలన ఉంచాం.

అక్టోబర్ మూడో వారంలో మళ్లీ వెళ్లినప్పుడు కౌంటర్‌లోని మినీ పీసీ కొద్దిగా మోత చేస్తోందన్నారు. విప్పి చూస్తే కటింగ్ మెషీన్ నుంచి లేచిన కాగితపు పొడి ఫ్యాన్ రెక్కలకు పేరుకుని ఉంది. బ్రష్‌తో దులిపి, పది నిమిషాలు నిండుగా నడిపి చూశాను: 81 డిగ్రీలు, 2.5 గిగాహెర్ట్జ్ దగ్గర నిలకడ. ప్రతి రెండు నెలలకు ఒకసారి ఆ పొడి దులపమని ఆపరేటర్‌కు చూపించి వచ్చాను.